తోకలేని తోకచుక్క

1892వ సంవత్సరము నవంబరు 6వ తేదీ రాత్రి లండను నగరమున ఎడ్విన్ హోమ్స్ అను గృహస్థు తన దుర్భిణిని ఆండ్రోమెడా నీహారిక వైపునకు త్రిప్పెను. హోమ్స్ ఏ వేధశాలలోను ఉద్యోగి కాడు. కేవలము ఇష్టముచే ఆకాశమును పరిశీలించుచుండువాడు. ఆ నీహారిక ఆతనికి క్రొత్తది కాదు. అయినను ఆ రాత్రి దాని చేరువనే, మునుపెన్నడును లేని యొక గుండ్రని మసకవెలుగు ఆతని కంటబడెను. ఆతడు వెంటనే ఆ వార్తను శాస్త్రజ్ఞులకు తెలియజేసెను. వారును చూచి అది క్రొత్త తోకచుక్కయే యని నిశ్చయించిరి. అది మొదలు దానికి హోమ్స్ తోకచుక్క యని పేరు వచ్చెను.

ఇందులో వింత యేమి యని మీరడుగవచ్చును. దుర్భిణులు వచ్చిన తరువాత తోకచుక్కలను కనుగొనుట అంత అరుదైన విషయము కాదు గదా! వింత యిది: ఆ తోకచుక్క వట్టి కంటికి సైతము లీలగా కనబడునంత కాంతితో ఉండెను. అంత కాంతి గలది అంతకుముందు నెలలలో ఎవరి దుర్భిణికిని ఏల చిక్కలేదు? గణకులు దాని మార్గమును లెక్కించి చూడగా, అది జూన్ నెలలోనే సూర్యునికి అతి సమీపమైన చోటును దాటి, ఆపై ఐదు నెలలుగా దూరమగుచుండెనని తేలెను. సూర్యుని సమీపించునప్పుడు తోకచుక్క కాంతి పెరుగుటయు, దూరమగునప్పుడు తగ్గుటయు సామాన్యముగా జరుగునది. ఇది దూరమగుచు వెలిగెను! కొన్ని వారములలో కాంతి తగ్గి చల్లారినట్లు కనబడెను. ఇక దీని కథ ముగిసినదని తలచుచుండగా, 1893 జనవరిలో మరల ఒక్కసారిగా వెలిగెను. ఆ పిమ్మట అది మిక్కిలి మందమై, 1906 తరువాత జాడయే తెలియకుండ పోయెను. 1964లో లెక్కల సాయమున దానిని తిరిగి పట్టుకొనగలిగిరి.

ఇది జరిగిన చాల కాలమునకు, 2007 అక్టోబరు 23, 24 తేదీల నడుమ, అదే తోకచుక్క మరల అదే వింత చేసెను. ఈసారి రెండు దినములైనను నిండకముందే దాని కాంతి సుమారు ఐదు లక్షల రెట్లు పెరిగెను. పెద్ద దుర్భిణికి గాని కనబడని ధూళిచుక్క వంటిది, పట్టణవాసులకు కూడ మిద్దెమీదనుండి కనబడు నక్షత్రమువలె ఆయెను. దానిని చూచినవారిలో పెక్కురు మొదట అడిగిన ప్రశ్న ఒక్కటే: "ఇది తోకచుక్క యైనచో, దీని తోక ఏది?"

ఆ ప్రశ్నకు సమాధానము చెప్పవలెనన్న, అసలు తోక యనగా ఏమో, అది ఎట్లు పుట్టునో తెలియవలెను.

మన పూర్వులు తోకచుక్కకు ధూమకేతువని పేరు పెట్టిరి. ధూమమనగా పొగ, కేతువనగా జెండా. పొగ జెండాగా గలది ధూమకేతువు. తోక గట్టి వస్తువు కాదనియు, పొగవంటి దనియు ఆ పేరు పెట్టినవారు కంటితోనే గ్రహించిరి. వరాహమిహిరుని బృహత్సంహితలో కేతువులను గూర్చి ప్రత్యేకముగా ఒక అధ్యాయమే కలదు. కాని అందు ఆకారముల వర్ణనతోపాటు అవి కలిగించు కీడుల వర్ణనయు విస్తారముగా నున్నది. రాజులకు చేటు, ప్రజలకు కరవు, తెగుళ్లు అను భయము మన దేశములోనే కాదు, చైనా మొదలుకొని ఐరోపా వరకు అన్ని దేశములలోను వ్యాపించియుండెను. 1910లో హేలీ తోకచుక్క వచ్చినప్పుడు గురజాడ అప్పారావుగారు "ముత్యాల సరములు" అను కవితలో దానిని ప్రస్తావించిరి. లోకమంతయు అపశకునమని బెదరుచున్న ఆ చుక్కను ఆయన ఆదరముతో చూచిరి. ఆయన తరువాత వచ్చిన మనము దానిని మరికొంత దగ్గరగా చూడగలుగుచున్నాము.

తోకను గూర్చి మనలో సాధారణముగా ఒక పొరపాటు అభిప్రాయముండును. ఎండాకాలమున మట్టిబాటపై బండి పోవుచుండగా వెనుక ధూళి లేచును. పరుగెత్తు గుఱ్ఱమునకు తోక వెనుకకు ఎగురును. తోకచుక్క తోకయు అట్లే అది పోవు దిక్కునకు వెనుకగా ఉండునని అనుకొందుము. ఇది నిజము కాదు. తోకచుక్క సూర్యుని వైపునకు వచ్చునప్పుడు తోక వెనుక నుండుట నిజమే. కాని సూర్యుని చుట్టి తిరిగి దూరముగా పోవునప్పుడు తోక ముందు నడచును, తోకచుక్క దాని వెనుక నడచును! ఎట్లు తిరిగినను తోక మాత్రము సూర్యునికి ఎదురు దిక్కుననే ఉండును. చైనా దేశపు పరిశీలకులు 837వ సంవత్సరమునాటికే దీనిని గుర్తించిరి. ఐరోపాలో పీటర్ అపియన్ అను జర్మను పండితుడు 1531లో వచ్చిన తోకచుక్కను దినదినమును చూచి, దాని బొమ్మలను గీచి, 1540లో ప్రకటించిన గ్రంథములో ఈ సంగతిని స్పష్టపరచెను. ఆతడు చూచినది హేలీ తోకచుక్కయే యని తరువాత తెలిసినది.

సూర్యునికి ఎదురు దిక్కున నిలుచుట యన్నప్పుడు, తోక కఱ్ఱవలె తోకచుక్కకు అంటుకొని దానితోపాటు తిరుగుచున్నదా? 1843లో వచ్చిన గొప్ప తోకచుక్క ఈ ఊహను తుదముట్టించెను. అది సూర్యుని ఉపరితలమునకు మిక్కిలి చేరువగా పోయి, కొద్ది గంటలలోనే సూర్యుని ఒక ప్రక్కనుండి మఱియొక ప్రక్కకు తిరిగెను. దాని తోక పొడవు సుమారు 30 కోట్ల కిలోమీటర్లు. తోక కఱ్ఱవంటిదే యైనచో, సూర్యునికి 15 కోట్ల కిలోమీటర్ల దూరముననున్న దాని భాగము ఆ కొద్ది గంటలలో సుమారు 47 కోట్ల కిలోమీటర్ల అర్ధవృత్తమును చుట్టివచ్చి యుండవలెను. ఇది నమ్మదగిన మాట కాదు. కనుక నిన్నటి తోక వేరు, నేటి తోక వేరు. దీపపు పొగవలె, ఏటినీటివలె, తోక క్షణక్షణము క్రొత్తగా పుట్టుచు, పాతది దూరముగా పోయి ఆకాశమున కలిసిపోవుచుండును. మనము ఆ ప్రవాహమును చూచి ఒక్క వస్తువని భ్రమపడుచున్నాము.

అయితే ప్రవహించునది ఏది? ఎచ్చటనుండి వచ్చుచున్నది?

తోకచుక్కయందు నిజమైన గట్టిభాగము చాల చిన్నది. దానిని కేంద్రకమందురు. కొన్ని కిలోమీటర్లకు మించని మంచుగడ్డ అది. అందు నీటి మంచేగాక బొగ్గుపులుసు వాయువు వంటివి గడ్డకట్టి యుండును. వానితో సన్నని ధూళి, ఇసుక, రాతిపలుకులు కలగలిసి యుండును. 1950లో అమెరికాదేశపు శాస్త్రజ్ఞుడు ఫ్రెడ్ విపుల్ దీనిని మురికి మంచుగడ్డగా ఊహించెను. అప్పటి వరకు పలువురు దానిని రాళ్లగుంపుగా తలచుచుండిరి. విపుల్ మాటకు నిదర్శనము 1986 మార్చిలో దొరికెను. జోటో అను ఐరోపా వ్యోమనౌక హేలీ తోకచుక్క కేంద్రకమునకు సుమారు 600 కిలోమీటర్ల చేరువగా సాగి ఛాయాచిత్రములు తీసెను. 15 కిలోమీటర్ల పొడవున వేరుసెనగ కాయను పోలిన ముద్ద కనబడెను. మంచు గనుక తెల్లగా ఉండునని ఎదురుచూచినవారికి ఆశ్చర్యము! అది బొగ్గువలె నల్లగా నుండెను. తనపై పడిన సూర్యకాంతిలో నూటికి నాలుగు పాళ్లు మాత్రమే తిరిగి వెలువరించుచుండెను. మంచు లోపలనున్నది, పైన నల్లని ధూళి పొరగా పేరుకొన్నది. ఆ పొరలోని పగుళ్లనుండి వాయువును ధూళియు చిమ్ముచుండెను.

మంచు వేడికి ముందు నీరు కావలెను గదా, వాయువెట్లు చిమ్మునని మీకు తోచవచ్చును. హారతి పళ్లెములో వెలిగింపక విడిచిన కర్పూరపు బిళ్లను జ్ఞాపకము తెచ్చుకొనుడు. అది కరగి నీరు కాదు. నాలుగు దినములకు చూచునప్పటికి చిన్నదై, తుదకు మాయమగును. బట్టల పెట్టెలో వేయు కలరా ఉండలును అంతే. గాలి ఒత్తిడి లేని ఆకాశమున మంచు కూడ కర్పూరమువలెనే గట్టిస్థితినుండి నేరుగా వాయువగును. సూర్యునికి దూరముగా, గడ్డకట్టిన చలిలో ఉన్నంతకాలము కేంద్రకము నిద్రించును. సూర్యునికి కొంత చేరువకాగానే మంచు ఆవిరియై వెలువడును. వెలువడుచు తనతో ధూళిని ఎగరగొట్టును. కేంద్రకము చిన్నది గనుక దాని ఆకర్షణశక్తి మిక్కిలి స్వల్పము; ఎగిరినవానిని తిరిగి లాగుకొనజాలదు. ఆ వాయువును ధూళియు కేంద్రకము చుట్టును వేలకొలది, లక్షకొలది కిలోమీటర్లు వ్యాపించి మేఘమువలె ఏర్పడును. దీనినే తోకచుక్క తల యందురు. మన కంటికి కనబడు చుక్క ఈ మేఘమే. కేంద్రకము దాని నడుమ దాగియుండును.

ఇక తోక. నిజమునకు తోక ఒక్కటి కాదు, రెండు. మంచి ఛాయాచిత్రములలో ఈ రెండును విడివిడిగా కనబడును. ఒకటి పసుపుఛాయ కలిగి, వెడల్పుగా, కొంచెము వంకరగా నుండును. రెండవది నీలిరంగున, సన్నగా, తిన్నగా సాగియుండును. ఈ రెంటిని పుట్టించునది సూర్యుడే యైనను, పుట్టించు విధములు వేఱువేఱు.

మొదటిది ధూళితోక. వెలుగు తాను పడిన వస్తువును కొద్దిగా నెట్టును. మన చేతిపై ఎండ పడినప్పుడు ఆ నెట్టుడు మనకు తెలియదు, అంత స్వల్పము. కాని పొగరేణువంత సన్నని ధూళికి, ఇతర ఒత్తిడులేవియు లేని ఆకాశమున, అది చాలును. సూర్యకిరణములే తోకను నెట్టుచున్నవని కెప్లరు 1619లోనే సూచించెను. వెలుగునకు నెట్టు శక్తి కలదని ప్రయోగశాలలో కొలిచి చూపినవాడు రష్యా దేశపు లెబెదెవ్. 1901లో ఆతడా ఫలితములను ప్రకటించెను. ఊహకును కొలతకును నడుమ 280 సంవత్సరములు పట్టినవి.

ధూళితోక వంకర తిరుగుటకు కారణమును కళ్లములో చూడవచ్చును. గాలి వీచు సమయమున రైతు చేటతో ధాన్యమును ఎత్తి తూర్పారబట్టును. బరువైన గింజలు అతని కాళ్లచెంతనే రాలును. తాలు గింజలు కొంత దూరమున పడును. పొట్టు, తవుడు వంటి తేలికవి గాలికి కొట్టుకొని చాలదూరము పోవును. తోకచుక్క దగ్గరకూడ ఇదే జరుగును. పెద్ద రేణువులు తోకచుక్క మార్గమును ఇంచుమించు విడువక దానితో నడచును. సన్ననివి వెలుగు తాకిడికి దూరముగా పోవును. రైతు నిలిచినచోటనే నిలువక, తూర్పారబట్టుచు నడచిపోవుచున్నాడనుకొనుడు. అప్పుడు పొట్టు తిన్నని బారుగా గాక వంకర బారుగా పడును. తోకచుక్కయు నిలిచియుండదు, నడచుచునే ధూళిని విడుచుచుండును. కావున తోక వంగును. ఆ ధూళికి స్వంతవెలుగు లేదు. సూర్యకాంతిని ప్రతిఫలింపజేయుటచేతనే అది పసుపుగా కనబడును.

రెండవ తోక వాయువులది. దీని విషయమై శాస్త్రజ్ఞులు చాలకాలము చిక్కుపడిరి. ఎందుకనగా, ఈ తోకలోని ముడులు, చీలికలు దూరముగా పోవు వేగమును కొలువగా, వెలుగు నెట్టుడు ఒక్కటే అంత వేగమునకు చాలదని తేలెను. 1951లో లుడ్విగ్ బియర్మన్ అను జర్మను శాస్త్రజ్ఞుడు, సూర్యునినుండి వెలుగేగాక విద్యుదావేశము గల కణముల ప్రవాహము కూడ ఎడతెగక వెలువడుచుండవలెనని వాదించెను. సూర్యుని వద్దకు పోయి చూచినవారు ఎవ్వరును లేరు. ఉపగ్రహములు అప్పటికింకను పుట్టలేదు. ఆతడు తోకచుక్కల తోకలనే గాలికోళ్లుగా చేసికొని, వీచుచున్న గాలి కలదని చెప్పెను! 1957లో స్వీడను దేశపు హన్నెస్ ఆల్ఫ్వేన్, ఆ ప్రవాహముతో వచ్చు అయస్కాంతబలము తోకచుక్క తలకు తగిలి ఇరువైపుల వెనుకకు వ్రేలాడి తోకను తిన్నగా నిలుపునని వివరించెను. 1962లో శుక్రుని దిక్కునకు పంపబడిన మారినర్-2 అను నౌక ఆ ప్రవాహమును నేరుగా కొలిచెను. దానినే నేడు సౌరపవనమందురు. దాని వేగము సామాన్యముగా సెకనుకు 400 కిలోమీటర్లు. సూర్యకాంతికి వాయువులు విద్యుదావేశమును పొంది ఈ పవనమునకు చిక్కి తిన్నగా కొట్టుకొనిపోవును. వానిలో బొగ్గును ఆమ్లజనియు కలిసిన యొక వాయువు నీలికాంతిని వెదజల్లును. ఆ తోక నీలముగా నుండుటకు అదియే ముఖ్యకారణము.

సౌరపవనము ఎల్లప్పుడును ఒక్క తీరున వీచునది కాదు. అప్పుడప్పుడు సూర్యునినుండి పెనుకెరటములు బయలుదేరును. 2007 ఏప్రిల్ 20న అట్టి కెరటమొకటి ఎన్కె తోకచుక్కను తాకగా, దాని తోక మొదలంట తెగి కొట్టుకొనిపోయెను. స్టీరియో అను నౌక ఆ దృశ్యమును వరుస చిత్రములుగా తీసెను. తెగినచోట వెంటనే క్రొత్త తోక పుట్టుచుండుట కూడ వానిలో కనబడును. తోక వస్తువు కాదు, ప్రవాహమని పైన చెప్పిన మాట దీనిచే కన్నులకు కట్టును.

ఇంత పొడవైన తోక ఎంత పలుచనిదో కూడ చెప్పవలెను. 1910 మే నెలలో భూమి హేలీ తోకచుక్క తోకలోనుండి సాగునని గణకులు ముందుగా చెప్పిరి. అంతకుముందే ఆ తోకచుక్క వర్ణపటములో సయనోజను అను విషవాయువు జాడ తెలిసియుండెను. ఈ రెండు మాటలను కలిపి పత్రికలవారు ప్రచురింపగా, కొన్ని దేశములలో జనులు తలుపుల సందులను మూసికొనిరి. తోకచుక్క విషమునకు విరుగుడని మాత్రలను అమ్మినవారు అమ్మిరి, కొన్నవారు కొనిరి. మే 18, 19 తేదీలు గడచిపోయెను. ఎవ్వరికిని ఏమియు కాలేదు. ప్రయోగశాలలో గాలిని తోడివేసి చేసిన శూన్యముకంటెను తోక పలుచనిది. ఆనాడు భయపడినవారిని చూచి నవ్వుట సులభము. కాని విషవాయువన్న మాట నిజము, భూమి తోకలో పడుననుటయు లెక్కప్రకారము సబబైనదే. ఎంత పలుచన అను ఒక్క ప్రశ్నను మాత్రము వారు అడుగలేదు.

ఇప్పుడు మరల హోమ్స్ తోకచుక్కను చూతము.

2007 దీపావళి నవంబరు 9న వచ్చెను. అమావాస్య చీకటి. వీధిలో పిల్లలు మతాబులు, చిచ్చుబుడ్లు కాల్చుచుండగా, నేను మిద్దెమీదికెక్కి, పొగ కొంత విడిపోవువరకు నిరీక్షించి, ఈశాన్య దిక్కున కృత్తికలకు ఉత్తరముగా వెదకితిని. అక్కడ పెర్సియస్ మండలపు చుక్కల నడుమ, నెమరేసిన దూదిపింజవలె గుండ్రని వెలుగొకటి కనబడెను. నక్షత్రమువలె మిణుకుమిణుకుమనదు, తోకయు లేదు. ప్రక్కింటి బాలుడొకడు చూచి, "ఇదేనా!" అని నిరాశపడి తిరిగి టపాకాయల వద్దకు పోయెను. ఆ నిరాశకు నేనాతని తప్పుపట్టలేదు. ఆ దూదిపింజ కొలత ఆనాటికి సూర్యుని కొలతను మించుచున్నదని నాకును అప్పుడు తెలియదు.

అది ఎట్లో మీరే లెక్కవేయవచ్చును. అక్టోబరు 24నాటి ప్రేలుడులో ఎగిరిన ధూళి సెకనుకు సుమారు అర కిలోమీటరు వేగముతో అన్ని దిక్కులకును వ్యాపించెను. నవంబరు 9 నాటికి 16 దినములు. దినమునకు 86,400 సెకన్ల చొప్పున 13,82,400 సెకన్లు. అనగా ధూళి ఒక్కొక్క దిక్కునకు సుమారు 6,90,000 కిలోమీటర్లు పోయెను. మేఘపు అడ్డుకొలత దానికి రెట్టింపు. సూర్యుని అడ్డుకొలత సుమారు 13,90,000 కిలోమీటర్లు! ఆ మేఘమును పుట్టించిన కేంద్రకము అడ్డుకొలత మూడు నాలుగు కిలోమీటర్లకు మించదు.

అంత చిన్నముద్ద అంత వెలుగెట్లు చూపెనందురా? సుద్దముక్కను దూరమునుండి చూడుడు. చిన్న తెల్లని చుక్క. దానినే మెత్తగా నూరి గాలిలోనికి ఊదుడు, తెల్లని మేఘమగును. పదార్థము పెరుగలేదు, వెలుగు పడు ఉపరితలము పెరిగినది. హోమ్స్ తోకచుక్క తన శరీరములో కొంతభాగమును అట్లు పొడిచేసి వెదజల్లెను. ఎగిరినది కేంద్రకములో స్వల్పభాగమే యైనను, సన్ననిపొడి యగుటచే ఐదు లక్షల రెట్ల కాంతి కలిగెను.

మరి తోక ఏమాయెను? తోక లేకపోలేదు, అది మనకు అడ్డుగా గాక వెనుకగా నుండెను. ఆ దినములలో సూర్యుడు, భూమి, తోకచుక్క ఇంచుమించు ఒకే వరుసలో నుండి, నడుమ భూమి యుండెను. తోక సూర్యునికి ఎదురు దిక్కున గదా సాగును! కావున అది మననుండి దూరముగా, తల చాటున సాగిపోవుచుండెను. ఎదురుగా నడచివచ్చు బాలిక జడ మనకు కనబడనట్లే, హోమ్స్ తోకయు చాలవరకు మనకు కనబడలేదు. పెద్ద దుర్భిణులతో తీసిన చిత్రములలో నీలితోక లేశముగా కనబడినది. పైగా అది అప్పుడు సూర్యునికి సుమారు 36 కోట్ల కిలోమీటర్ల దూరమున నుండెను. అంత దూరమున వెలుగు నెట్టుడును తగ్గును గనుక, ధూళిమేఘము తోకగా సాగక గుండ్రముగనే చాలదినములు నిలిచెను. మేఘము పెరిగిన కొలది పలుచనై, చలికాలము ముగియుసరికి కంటికి కరగిపోయెను.

ప్రేలుడు ఏల జరిగెను? ఈ ప్రశ్నకు సమాధానము ఇంకను నిస్సందేహముగా తేలలేదు. మరియొక ముద్ద వచ్చి ఢీకొనెనని మొదట కొందరు తలచిరి. కాని 1892లో ప్రేలినదియు 2007లో ప్రేలినదియు ఒక్కటే తోకచుక్క. రెండు మారులును సూర్యునికి సమీపమైన చోటు దాటిన ఐదు నెలలకే ప్రేలెను. గ్రుడ్డి దెబ్బ రెండుసార్లు ఒకేచోట, ఒకే వేళకు తగులుట అరుదు. కారణము దాని కడుపులోనే యున్నదని తలచుట సమంజసము. ఎండ వేడి పైపొరను దాటి లోనికి నెమ్మదిగా దిగును. అందులకు నెలలు పట్టును. ఐదు నెలల ఆలస్యమునకు అర్థము బహుశః అదియే. లోపలి మంచులో కొంతభాగము అణువులు అడ్డదిడ్డముగా పేరుకొని గడ్డకట్టినది. మిక్కిలి చలిలో పుట్టిన మంచు అట్లుండును. దానిలో ఇతర వాయువులు చిక్కుకొని యుండును. వేడి తగిలి, ఇంచుమించు సున్నకు దిగువ 130 డిగ్రీల వద్ద, ఆ మంచు క్రమముగల స్ఫటికరూపమునకు మారును. మారునప్పుడు తానుకూడ కొంతవేడిని విడుచును, చిక్కుకొన్న వాయువులను విడుచును. ఆ వేడి ప్రక్కమంచును మార్చును. మూకుడు బిగించిన కుండలోని ఆవిరివలె ఒత్తిడి పెరిగి, పైపొర ఒక్కసారి ఎగిరిపోవును. ఎక్కువమంది అంగీకరించు వివరణలలో ఇదొకటి.

అన్ని ప్రేలుళ్లకును ఇదే కారణము కానక్కరలేదు. 2014లో రోసెట్టా అను ఐరోపా నౌక చుర్యుమొవ్-గెరసిమెంకో అను తోకచుక్కను చేరి, రెండేండ్లు దాని చుట్టును తిరిగి పరిశీలించెను. 2015 జూలైలో ఆ కేంద్రకమునుండి ధూళి ఒక్కసారిగా చిమ్ముట కనబడెను. ముందువెనుకల చిత్రములను పోల్చి చూడగా, ఒక నిట్రపు కొండచరియ విరిగిపడి, లోపలి తెల్లని మంచు బయటపడియుండెను. వానకు నానిన మట్టిగోడ కూలునట్లే! ఇది చిన్న ప్రేలుడు. హోమ్స్ వంటి పెద్దదానికి చరియ విరుగుట చాలదు. 1927లో జర్మనీలో కనుగొన్న ష్వాస్‌మన్-వాఖ్‌మన్ తోకచుక్క మరియొక తీరు. అది గురుగ్రహపు మార్గమునకు కూడ ఆవల, నీటి మంచు ఆవిరి కాజాలనంత చలిలో తిరుగుచు, సంవత్సరమునకు పలుమార్లు ప్రేలుచుండును. 2023 జూలైలో ప్రేలిన పోన్స్-బ్రూక్స్ తోకచుక్క మేఘము రెండు కొమ్ములు గల తలవలె కనబడి జనులకు వినోదము గూర్చెను.

ఈ ప్రేలుళ్లను ముందుగా చెప్పగల గణితము లేదు గనుక, వీనిని కనుగొనువారు తరచుగా ఆ రాత్రి ఆకాశమును చూచుచున్నవారే. 2007 ప్రేలుడును మొదట గమనించినది స్పెయిను దేశపు టెనెరిఫ్ ద్వీపమునందలి యొక పరిశీలకుడు. క్రొత్త తోకచుక్కలను పట్టుటయు అట్టిదే. 1949 జూలైలో అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయమున చదువుచున్న ఒక భారతీయ విద్యార్థి, రాత్రి తీసిన ఛాయాచిత్రపు పలకపై ఉండరాని యొక వెలుగు మరకను గుర్తించెను. అది క్రొత్త తోకచుక్క. ఆ విద్యార్థి వేణు బప్పు. ఆతని తండ్రి హైదరాబాదులోని నిజామియా వేధశాలలో పనిచేయుచుండెను. హైదరాబాదు ప్రభుత్వము ఇచ్చిన విద్యార్థివేతనముతోనే ఆతడు అమెరికా చేరెను. ఆ తోకచుక్కకు ఆతని పేరును, ఆతని గురువు బాక్ పేరును, సహాధ్యాయి న్యూకర్క్ పేరును కలిపి పెట్టిరి.

హోమ్స్ తోకచుక్క సూర్యుని ఒకసారి చుట్టివచ్చుటకు సుమారు ఏడేండ్లు పట్టును. 2014లోను 2021లోను అది వచ్చి పోయినది. 2007నాటి ప్రేలుడు వంటిది జరుగలేదు. 2028 ఆరంభమున మరల సూర్యుని సమీపించును. అది ఏ రాత్రి ఏ నక్షత్రముల నడుమ నుండునో గణకులు నేడే చెప్పగలరు. అది మందముగా పోవునో, మరల మేఘమై విరియునో మాత్రము ఆ రాత్రులలో మిద్దెల మీదను, పొలముల గట్ల మీదను నిలిచి చూచువారికే ముందుగా తెలియును.